ఎవరి నుంచి వచ్చింది

అతను బస్సెక్కితే కండక్టర్ల నోట్లో తడి ఆరిపోయేది. సిటీ బస్సుల్లో టికెట్లు చెక్ చేసే ఉద్యోగం అతనిది. డిపోలో అందరూ అతన్ని డేగ అనేవాళ్ళు. ఆ పేరు అతనికి తెలియదని వాళ్ళ నమ్మకం. తెలియనట్టు ఉంటేనే నయమని అతని ఉద్దేశం. స్టాపులో కాకుండా, మలుపు దగ్గర బస్సు నెమ్మదించే చోట నిలబడి, చెయ్యి ఊపి ఆపి, వెనక తలుపులోంచి ఎక్కేవాడు. టికెట్ లేనివాళ్ళ తీరు అతనికి కొట్టిన పిండి. కొందరు నిద్ర నటిస్తారు. కొందరు కిటికీ బయట ఏదో గొప్ప వింత కనబడ్డట్టు తల తిప్పుకుంటారు. ఇంకొందరు అక్కర్లేని మర్యాదతో నవ్వుతారు. ఆ నవ్వంటే అతనికి ఒళ్ళుమంట.

ఇంటికొచ్చినా ఆ చూపు మారేది కాదు. పాలప్యాకెట్ చేత్తో ఎగరేసి బరువు చూసేవాడు. గ్యాస్ బండ తెచ్చినవాడు గేటు దాటేదాకా సీలు మీంచి కన్ను తీసేవాడు కాదు. పక్కింటాయన నవ్వుతూ పలకరిస్తే "ఏం పని పడిందో ఈయనకి" అనుకునేవాడు. డాక్టర్ మందు రాస్తే, ఆ మందుల కంపెనీ డాక్టర్‌కి ఏం ముట్టజెప్పిందో అని ఆలోచించేవాడు.

"పుట్టగానే మీ అమ్మగారి మొహం కూడా అనుమానంగానే చూసి ఉంటారు మీరు" అనేది భార్య.

ఆమె ఇంట్లోనే పరదాలు కుట్టేది. గడియారం సెంటర్‌లో పరదాలు, సోఫా గుడ్డలు అమ్మే ఒక షాపుంది. ఆ షాపాయన గుడ్డ తానులు పంపితే ముందు గదిలో మిషను మీద అంచులు మడిచి, పైన మడతలు పెట్టి, కొక్కేలు కుట్టి ఇచ్చేది. ఉన్న ఒక్క కూతురూ పెళ్ళయి వేరే ఊళ్ళో ఉండేది. కాబట్టి పగలంతా ఇంట్లో ఆమే, ఆ మిషను చప్పుడే. ఆ చప్పుడు వీధి చివరికి వినబడితే చాలు, ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టు లెక్క అతనికి.

ఒకరోజు డిపోలో సిబ్బందినందరినీ రిపేరు షెడ్డులోకి రమ్మన్నారు. ఆరోగ్య కేంద్రం నుంచి నర్సు వచ్చింది. మనిషి సన్నగా ఉంది గానీ, గొంతు ఆ రేకుల షెడ్డుకి సరిపోయేంత ఉంది. కాన్సర్ గురించి మాట్లాడింది. ఏ బాధా లేనివాళ్ళు కూడా కొన్ని పరీక్షలు చేయించుకోవాలట. యాభై దాటిన ఆడా మగా ఎవరైనా సరే పేగు కాన్సర్ కోసం మలపరీక్ష. ఆడవాళ్ళకి ముప్ఫై దాటిన దగ్గర్నుంచీ గర్భసంచి మూతికి పరీక్ష, కొన్నేళ్ళకోసారి. ఒక వయసొచ్చాక రొమ్ముకి ఎక్స్‌రే. పొగాకు నమిలేవాళ్ళకి నోరు చూస్తారట.

డేగ చెయ్యెత్తాడు. "ఏ జబ్బూ లేదంటున్నారు. మరి పరీక్ష ఎందుకు?"

"జబ్బు బయటపడేసరికి ఆలస్యం అవుతుంది కాబట్టి సార్. ముందే దొరికితే తీసేయడం తేలిక."

"దొరికినవాళ్ళ పేర్లు డిపో మేనేజర్‌కి చెబుతారా?"

షెడ్డులో నవ్వులు లేచాయి. నర్సు మాత్రం నవ్వలేదు. "చెప్పం. మీ ఒంటి సంగతి మీకే."

"అలాగైతే ఒళ్ళంతా ఒకేసారి స్కాన్ తీసేయొచ్చుగా? ప్రైవేటువాళ్ళు తీస్తామంటున్నారు."

"ఏ బాధా లేనివాళ్ళకి ఒళ్ళంతా గాలిస్తే అక్కర్లేనివి బోలెడు కనబడతాయి సార్. వాటి వెనకాల పడి ఇంకో పరీక్ష, ఇంకో కోత, ఇంకో భయం. ఏ పరీక్ష వల్ల నిజంగా మేలుందో దాన్నే అందరికీ చెబుతాం."

ఈ మాట అతనికి మరీ అనుమానంగా తోచింది. ఒక పరీక్ష అక్కర్లేనివాళ్ళకి చేస్తామంటారు, ఇంకోటి అడిగినవాళ్ళకి వద్దంటారు. ఇందులో ఏదో కిటుకుంది. మలపరీక్ష కోసం నర్సు ఇవ్వబోయిన చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోకుండానే బయటికొచ్చేశాడు.

అన్నం తింటూ భార్యకి ఇదంతా వెటకారంగా చెప్పాడు. "రాయిలా ఉన్నవాణ్ణి పట్టుకుని డబ్బా చేతికిచ్చి, రేపు పొద్దున పట్టుకురమ్మంటుంది. నలుగురిలో!"

ఆమె నవ్వుతూ విని, "ఆడవాళ్ళకి ఏ వయసు నుంచి అంది?" అని అడిగింది.

"ముప్ఫై నుంచట. నీకెందుకది? నువ్వు గుండ్రాయిలా ఉన్నావు."

ఆమె చారు వడ్డించింది.

తర్వాత కొన్ని వారాలకి ఇంట్లో ఏదో మారింది. ఏమిటో అతనికి వెంటనే అందలేదు. మొదట మిషను చప్పుడు. మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో భోజనానికొచ్చిన రోజుల్లో వీధి చివర నిలబడి విన్నా, ఏమీ వినబడేది కాదు. ఇంటికి తాళం ఉండేది, లేకపోతే ఆమె మిషను ముందు ఊరికే కూర్చుని ఉండేది, సూది కింద గుడ్డ పెట్టి, చక్రం తిప్పకుండా. తర్వాత తలగడ. "తెల్లారే లేచి కుట్టుకోవాలి, మీ నిద్ర చెడగొట్టడం ఎందుకు" అంటూ తన తలగడ ముందు గదిలోకి పట్టుకుపోయింది. తెల్లారే మిషను తిరిగిన రోజు ఒక్కటీ లేదు.

ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

"కండక్టర్‌గా ఉన్నప్పుడు దూరం బస్సులకి వెళ్ళేవారు కదా, బండి అక్కడే ఆగిపోయిన రోజు ఎక్కడ పడుకునేవారు?" అని అడిగింది ఒక పొద్దున, టీ గ్లాసు అందిస్తూ.

"బస్సులోనే. సీటు మీద. ఎందుకు?"

"ఊరికే. ఎప్పుడూ బస్సులోనేనా?"

"వానొస్తే రెస్టు రూములో. ఇరవై ఏళ్ళ కిందటి ముచ్చట ఇప్పుడెందుకు?"

"ఊరికే అన్నాను కదా" అంది. కానీ అతని మొహం నుంచి చూపు తిప్పుకోలేదు. ఆ చూపు ఎక్కడో చూసినట్టనిపించింది. బస్సెక్కేదాకా గుర్తు రాలేదు. ఎక్కాక గుర్తొచ్చింది. ప్రయాణికుల్ని తను చూసే చూపే అది.

ఎవరో తన మీద చాడీలు చెప్పి ఉండాలని నిశ్చయించుకున్నాడు. తను పట్టుకుని సస్పెండ్ చేయించిన కండక్టర్లు తక్కువమంది కాదు. వాళ్ళలో ఎవడో ఇంటి దాకా వచ్చాడన్నమాట.

ఆ అనుమానం ఆరకముందే దాని మీద ఇంకోటి వచ్చి పడింది. ఒక సాయంత్రం డిపోలో, పొట్టివాడని అందరూ పిలిచే కండక్టర్ మర్యాదగా నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

"సార్, నిన్న మేడమ్‌గారు మా బండిలోనే వచ్చారు. నిలబడి ఉంటే సీటిప్పించాను."

"ఎక్కడ దిగింది?"

"గడియారం సెంటర్‌లో సార్. ఆవిడకి ఒంట్లో బాగానే ఉందా? కాస్త నీరసంగా కనబడ్డారు."

ఇంటికెళ్ళి, చెప్పులు విప్పకుండానే అడిగాడు. "నిన్న మధ్యాహ్నం ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికెళ్తాను? ఇంట్లోనే. పరదాలు కుట్టుకుంటూ."

ఆమె అబద్ధమాడుతోందని అతనికి తెలిసిపోయింది. పాతికేళ్ళకి పైగా కాపురంలో ఆమె అతనికి అబద్ధం చెప్పడం అతనెరిగినంతలో ఇదే మొదలు. అందుకే ఆమెకి చేతకాలేదు. అల్మరాలో అద్దంలా మెరుస్తున్న గిన్నెని మళ్ళీ తీసి తుడవడం మొదలెట్టింది.

గడియారం సెంటర్ అనగానే అతనికి పరదాల షాపాయన గుర్తొచ్చాడు. పెళ్ళాం పోయిన మనిషి. ఎప్పుడూ మడత నలగని చొక్కా. "అమ్మగారి చేతిలో గుడ్డ కూడా చెప్పినట్టు వింటుంది" అని ఒకసారి తన ముందే పొగిడాడు. అప్పుడు మామూలుగా వినబడిన మాట ఇప్పుడు నిప్పులా తగిలింది.

మర్నాడు డ్యూటీ మధ్యలో ఆ షాపుకి వెళ్ళాడు. షాపాయన ఎదురొచ్చి కుర్చీ వేశాడు.

"మీరే వచ్చారు, మంచిదైంది. అమ్మగారు ఈ మధ్య పని తగ్గించేశారు. అడిగితే వీలవట్లేదంటారు. ఇంకెవరైనా షాపువాళ్ళకి కుడుతున్నారా? నాతో చెప్పమనండి, రేటు మాట్లాడుకుందాం."

ఆయన మొహంలో నిజంగానే బెంగ ఉంది. ఆ బెంగ నటన కాదని గ్రహించే అనుభవం డేగకి ఉంది. ఉండబట్టే గుండెలో రాయి పడింది. ఇక్కడికీ రావడం లేదంటే మరెక్కడికి వెళ్తున్నట్టు?

తిరిగి వెళ్తూ దారిలో మరదలి పార్లర్ దగ్గర ఆగాడు. భార్య చెల్లెలు రెండు కుర్చీల బ్యూటీపార్లర్ నడిపేది. బావ అంటే భయం లేని మనిషి ఆమె ఒక్కతే. ఎవరి మొహానికో తెల్లగా పూత పూస్తూ, గుమ్మంలో అతన్ని చూసి, "రండి బావా. మీకూ పూయనా? మొహం చూస్తే బాగా అవసరంలా ఉంది" అంది.

"మీ అక్క ఎక్కడికి వెళ్తోంది?"

పూత పూసే చెయ్యి ఆగింది. ఆగినట్టు తెలియకూడదని మళ్ళీ కదిలింది. "నాకేం తెలుసు? గుడికో, బజారుకో."

"మొన్న నీ షాపు కూడా మూసే ఉంది."

"కరెంటు పోయింది."

"మొన్న ఈ వీధిలో కరెంటు పోలేదు. పక్క కొట్టువాణ్ణి అడిగాను."

పూతలో ఉన్న మనిషి కళ్ళు మూసుకునే కిసుక్కున నవ్వింది. మరదలు మాత్రం నవ్వలేదు. "బావా, మీరు ఇంటికెళ్ళండి" అంది, ఎప్పుడూ మాట్లాడని మెత్తని గొంతుతో. ఆ మెత్తదనం అతన్ని ఇంకా భయపెట్టింది.

ఆ వారంలోనే ఒకరోజు డ్యూటీకని బయల్దేరి, సందు మొగలో మందుల షాపు పక్కన నిలబడ్డాడు. అంతకుముందే సెలవు చెప్పి వచ్చాడు. ఆమె తాళం వేసి, తాళం లాగి చూసి, చేతిసంచితో బయటికొచ్చింది. బస్సెక్కింది. అతను దాని వెనకే వచ్చిన బస్సెక్కాడు. ఆ కండక్టర్ అతన్ని చూసి గబగబా అందరికీ టికెట్లు కొట్టడం మొదలెట్టాడు. "నేను డ్యూటీలో లేను. నీ పని నువ్వు చేసుకో" అని గసిరాడు డేగ.

గడియారం సెంటర్‌లో దిగి ఆమె పరదాల షాపు ముందు నుంచే, అటు కన్నెత్తి చూడకుండా నడిచి వెళ్ళింది. మూల మీద మరదలు నిలబడి ఉంది. ఇద్దరూ చేతులు పట్టుకుని సందులోకి తిరిగారు. సందు చివర పసుప్పచ్చ గోడల పెద్ద భవనం. మీద బోర్డు: స్త్రీల ఆసుపత్రి.

అతనికి ఒక్క క్షణం ఏమీ తోచలేదు. తర్వాత ఎన్నో తోచాయి, ఒకదాని మీద ఒకటి, అన్నీ తప్పుడువే. గుమ్మంలో కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మగవాళ్ళు ఇక్కడే కూర్చోవాలి సార్."

అలవాటుగా జేబులోంచి ఐడీ కార్డు తీసి చూపించాడు. కాపలావాడు దాన్ని తీరిగ్గా చదివి, "ఇక్కడెవరికీ టికెట్ ఉండదు సార్" అన్నాడు.

"నా భార్య లోపలుంది."

"ఆ మాట ముందు చెప్పాలి గదా" అని పక్కకి తప్పుకున్నాడు.

నడవా పొడుగునా బల్లలున్నాయి. ఫినాయిల్ వాసన. చివరి తలుపు మీద "గర్భసంచి మూతి కాన్సర్ ముందస్తు చికిత్స" అని రాసి ఉంది. ఆ తలుపు ఎదురుగా బల్ల మీద అతని భార్య కూర్చుని ఉంది, ఆసుపత్రి వాళ్ళిచ్చిన వదులు గౌనులో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని. ఆ గౌనులో ఆమె ఎవరింటి అమ్మాయిలానో ఉంది.

ముందు మరదలు చూసింది. "దొరికిపోయాం" అంది, అక్క మోచెయ్యి పట్టుకుని.

భార్య తలెత్తింది. "వెనకాలే వచ్చారా?"

"ఇంట్లో ఉన్నానని అబద్ధం చెప్పావు."

"చెప్పాను."

"ఆ తలుపు మీద ఏం రాసుందో చూశావా?" అన్నాడు, ఆమె అక్కడికి దారి తప్పి వచ్చినట్టు. బల్ల చివర కూలబడ్డాడు. "నీకు... అదా?"

"ఇంకా అది కాదు" అంది ఆమె. "అలా మారబోయే కణాలట. మీరు చెప్పారు కదా, ముప్ఫై దాటినవాళ్ళకి పరీక్ష అని. చెల్లీ నేనూ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి చేయించుకున్నాం. దానికేం లేదు. నాకు ఉందన్నారు. ఇక్కడికి పంపితే భూతద్దం పెట్టి చూసి, పరీక్షకి చిన్న ముక్క తీశారు. ఇవాళ ఆ చెడిన భాగం తీసేస్తారు. సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చట."

"ఇంత జరిగితే నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

ఆమె చేతిసంచి పట్టీని వేలికి చుట్టుకుంది. "అది ఒక వైరస్ వల్ల వస్తుందట. ఆ వైరస్ ఎలా వస్తుందో కూడా చెప్పారు. ఆడా మగా కలిస్తే వస్తుందట." తలెత్తి అతని కళ్ళలోకి చూసింది. "నాకు మీరు తప్ప ఇంకొకరు తెలియదు. మరి నాకు ఎక్కడి నుంచి వచ్చింది?"

కండక్టర్ రోజుల గురించిన ప్రశ్నలు, తలగడ, ఆ చూపు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి అతనికి. ఆమె తనని అనుమానించింది. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఇద్దరూ ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకుని తిరిగారు. తను ఏ తప్పూ చెయ్యలేదు. అది అతనికి ఖాయంగా తెలుసు. తను చెయ్యలేదంటే మరి?

ఆ ప్రశ్న నోటి చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసే అలవాటు అతనికి లేదు.

"నేనేం చెయ్యలేదు. మరి నీకెలా వచ్చింది?"

మరదలు "బావా!" అని అరిచింది. నడవాలో అందరూ ఇటు తిరిగారు. భార్య మాత్రం కోపగించుకోలేదు. ఎప్పటినుంచో రావాల్సిన బస్సు వచ్చినట్టు తల ఊపింది.

"అడుగుతారని తెలుసు" అంది మెల్లగా.

తలుపు తెరుచుకుంది. డాక్టర్ నడివయసావిడ, కళ్ళజోడు తలమీదికి నెట్టుకుని ఉంది. అరుపు ఆవిడకీ వినబడినట్టుంది. ఇద్దర్నీ లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

"ఈ గదికి వచ్చే జంటలు చాలామంది ఇదే అడుగుతారు" అంది. "అందుకే ముందే చెప్పేస్తాను. ఈ వైరస్ ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో చెప్పే పరీక్ష లేదు. కాపురం చేసేవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు అంటుకుంటుంది. చాలామందికి దానంతటదే పోతుంది. కొందరిలో ఏళ్ళ తరబడి అణిగి ఉండి, వయసు మీద పడ్డాక బయటపడుతుంది."

"ఎన్నేళ్ళు?" అన్నాడు డేగ.

"ఇన్నేళ్ళని చెప్పలేం."

"పోనీ, నాకు పరీక్ష చేయండి. నాలో లేదంటే..."

"లేదంటే ఏం తేలుతుంది? ఉండి పోయి ఉండొచ్చు. అందుకే మగవాళ్ళకి ఈ పరీక్ష చెయ్యం కూడా. ఇక్కడ తీర్పు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. చికిత్స ఉంది. ఈవిడ బాగా తొందరగా వచ్చారు. ఇంకో అయిదారేళ్ళు ఆగి ఏదో బాధ మొదలై వచ్చుంటే, వేరే మాటలు చెప్పాల్సి వచ్చేది. ఇప్పుడు మీరు బయట కూర్చుంటారా, ఇక్కడే పోట్లాడతారా?"

అతను బయట కూర్చున్నాడు. డాక్టర్ చెప్పింది నిజమేనా అనే అనుమానం కూడా కాసేపు పీకింది. గొడవలు రాకుండా అందరికీ ఇదే పాఠం ఒప్పజెబుతారేమో. ఆ అనుమానాన్ని పట్టుకుని ఎంత దూరం వెళ్ళినా అది ఆ మూసిన తలుపు దగ్గరికే తెచ్చి వదిలేస్తోంది. లోపల ఆమె ఒక్కతే ఉంది. భయపడుతోందేమో. మత్తు సూది గుచ్చుతారన్నారు. సూదులంటే ఆమెకి చిన్నప్పటి నుంచీ భయం. మిషను సూది వేలిలో దిగితే నవ్వుతుంది గానీ, డాక్టర్ సూది చూస్తే కళ్ళు మూసుకుంటుంది.

మరదలు కొంచెం ఎడంగా కూర్చుంది. చాలాసేపటికి తనే మాట్లాడింది.

"మొదటిరోజు మీ మీద మండిపడింది బావా. ఇంటికెళ్ళి కడిగేస్తానంది. నేనూ సరే అన్నాను. మర్నాటికి ఆ ఊపు పోయింది. ఎందుకే అంటే, 'నేను అడిగితే ఆయన ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే తిరిగి నన్నే అడుగుతారు. ఆ మాట ఆయన నోట వినలేను' అంది."

అతను భార్య చేతిసంచిని బల్ల మీంచి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అడిగేశారు" అంది మరదలు. ఆ మాటలో కోపం కంటే అలసట ఎక్కువుంది.

ఆమె బయటికొచ్చింది, మెల్లగా నడుస్తూ, చీర కట్టుకుని. మొహం పాలిపోయింది. "సూది కనబడనివ్వలేదు. డాక్టరమ్మ మంచిది" అంది, ఎవరితోనూ కాకుండా. ఆటో పిలిచాడు. బస్సులో కుదుపులుంటాయని.

కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదన్నారు. గుడ్డ తానులు అతనే దించాడు. కుట్టినవి అతనే మోసుకెళ్ళి పరదాల షాపులో ఇచ్చాడు. "మీరు అడిగారుగా, ఇంకెవరికీ కుట్టట్లేదు. ఒంట్లో బాగోలేదు, అంతే" అని చెప్పాడు. షాపాయన పళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆ పళ్ళ వంక డేగ అనుమానంగా చూడకుండా ఉండటానికి చాలా శ్రమపడ్డాడు. వంట కూడా మొదలెట్టాడు. అన్నం ఒకరోజు పలుకు, ఒకరోజు జావ. ఆమె ఏమీ అనకుండా తినేది.

తలగడ మాత్రం ముందు గదిలోనే ఉంది.

ఒక మధ్యాహ్నం ఆమె మిషను దగ్గర కొక్కేలు కుడుతుంటే, అతను కింద కూర్చుని పరదా అంచు పట్టుకున్నాడు, నేలకి తగలకుండా.

"ఆ రోజు అడక్కుండా ఉండాల్సింది" అన్నాడు.

ఆమె కుడుతూనే ఉంది.

"నిజంగానే ఏమీ లేదే. కండక్టర్‌గా ఉన్నప్పుడూ లేదు, తర్వాతా లేదు. బస్సులోనే పడుకునేవాణ్ణి. దోమలు పీక్కుతినేవి."

"నమ్మమంటారా?"

జీవితంలో అతను ఎవరి మాటా నమ్మింది లేదు. టికెట్ చూపించమనేవాడు. పోయిందంటే వినేవాడు కాదు. చిన్నపిల్లల తల్లి అయినా, ముసలాయన అయినా సరే. ఇప్పుడు తన దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

"చూపించడానికి నా దగ్గర ఏం లేదు" అన్నాడు.

"నా దగ్గర మాత్రం ఏముంది?" అంది ఆమె. దారం కొరికి తెంపింది. "మీరడిగింది నాకూ గుచ్చుకునే ఉంది. నేను చెడిపోయినదాన్నని కాసేపైనా అనుకున్నారు కదా."

"అనుకున్నాను." అబద్ధం చెప్పే ధైర్యం రాలేదు. "నువ్వూ అనుకున్నావు."

"అనుకున్నాను."

"ఇద్దరం టికెట్ లేని వాళ్ళమే అయితే."

ఆమెకి నవ్వొచ్చింది. రాకూడదని పెదవి బిగబట్టింది గానీ ఆగలేదు. నవ్వుతుండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను పరదా అంచు వదిలేసి లేచాడు. ఏం చెయ్యాలో తెలియక మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆమె సగం తాగి గ్లాసు అతని చేతికే ఇచ్చింది.

"సగం నమ్మాను" అంది.

"మిగతా సగం?"

"తొందరపెట్టకండి."

ఆ సగంతోనే అతను సర్దుకున్నాడు. అలవాటు లేని పని. రాత్రి భోజనాల దగ్గర ఆమె మొహంలోకి చూసి ఏదో వెతకబోయి, పట్టుబడ్డవాడిలా కంచంలోకి చూసుకునేవాడు. కొన్నాళ్ళకి తలగడ తన చోటికి తిరిగొచ్చింది. ఎందుకని అతను అడగలేదు. అడగకుండా ఉండటానికి నాలుక కరుచుకోవాల్సి వచ్చింది.

డిపోలో నర్సు ఇవ్వబోతే తీసుకోని డబ్బా కూడా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి అడిగి తెచ్చుకుని, గొణుక్కుంటూనే తన వంతు పరీక్ష ఇచ్చి వచ్చాడు. ఏమీ లేదని చెబితే "సరిగ్గా చూశారా?" అని అడిగాడు. చూశామన్నారు. "మళ్ళీ చూడండి" అన్నాడు. "మళ్ళీ వచ్చే ఏడాది చూస్తాం, వెళ్ళండి" అంది నర్సు.

ఆరు నెలలకి స్త్రీల ఆసుపత్రిలో భార్యకి మళ్ళీ పరీక్ష చేశారు. ఈసారి ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు. వైరస్ కనబడలేదన్నారు, మూతి శుభ్రంగా మానిందన్నారు. అయినా కొన్నాళ్ళు గడువు తప్పకుండా వస్తూ ఉండాలన్నారు. డాక్టర్ ఆ మాట చెబుతుంటే డేగ ఆవిడ కళ్ళనే చూశాడు. నిద్ర నటించేవాళ్ళ లక్షణం గానీ, తల తిప్పుకునేవాళ్ళ లక్షణం గానీ కనబడలేదు. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు.

ఆ ఆదివారం ఆమె కూతురికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. అవతల కాసేపు ఏడుపు, కాసేపు "నాకెందుకు చెప్పలేదు" అనే కోపం. అవి తగ్గాక, "నువ్వూ ముప్ఫై దాటగానే చేయించుకో. ఒంట్లో బాగుంది కదా అని ఊరుకోకు. బాగున్నప్పుడే చేయించుకోవాల్సిన పరీక్ష అది" అని నచ్చజెప్పింది.

"నాన్నకి తెలుసా ఇదంతా?"

"పక్కనే ఉన్నారు, చెవులు రిక్కించుకుని."

అతను ఫోన్ అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇదిగో తల్లీ. రేపు నీకేదైనా ఉందన్నారనుకో, మనసులో పెట్టుకుని తిరక్కు. ఇంట్లో చెప్పు. అల్లుణ్ణి ఊరికే అనుమానించకు. అతనేదైనా అంటే నాతో చెప్పు, నేను మాట్లాడతాను."

అవతల నుంచి మాట రాలేదు. లైను తెగిందేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూసుకున్నాడు.

"నాన్నా, నువ్వేనా మాట్లాడేది?" అంది కూతురు చివరికి.

"మరెవరనుకున్నావు?"

"ఒకసారి అమ్మకివ్వు. కనుక్కుంటాను."

ఫోన్ భార్యకిచ్చాడు. ఆమె అవతలి మాట విని, అతన్ని కింద నుంచి పైదాకా తేరిపార చూసింది.

"ఏమోనే" అంది ఫోన్‌లో. "చూడ్డానికి మాత్రం ఆయనలాగే ఉన్నారు."